కావలెను: తాకట్టుకు పనికొచ్చే తాత

“కావలెను. తాత. వయసుతో నిమిత్తం లేదు. బతికున్నా సరే, కాలం చేసినా సరే. కృష్ణా పశ్చిమ డెల్టాలో కనీసం రెండెకరాల మాగాణి తన పేరున ఉండి, పాసుపుస్తకం, ఈసీ, లింకు డాక్యుమెంట్లు సక్రమంగా ఉండవలెను. మనవణ్ణి అమెరికా పంపు నిమిత్తం. దళారులు అక్కర్లేదు.”

ఈ ప్రకటన ఏ శీర్షిక కింద వేయించాలో తేలక వారం రోజులుగా జేబులో పెట్టుకు తిరుగుతున్నాను. వధూవరుల కింద వేస్తే కులం రాయమంటారు. స్థిరాస్తుల కింద వేస్తే తాతని సెంటెంతకిస్తారని ఫోన్లొస్తాయి. తప్పిపోయినవారి కింద వేద్దామంటే, అలాంటి తాత మాకు ఎన్నడూ ఉన్నవాడు కాదాయె.

అసలు తాతే లేడని కాదు. మా అక్క కొడుక్కి తాత ఉండేవాడు. పనికిరాని తాత. ముప్పయ్యేళ్లు ఊళ్లో ఆసామి దగ్గర పాలేరుతనం చేశాడు. ఒకరి మాగాణిలో దమ్ము చేసి, నాటించి, కోసి, కుప్పేసి, నూర్చి, ఆఖరికి తన పేరున ఒక్క దస్తావేజు మిగల్చకుండా వెళ్లిపోయాడు. ఎంత ముందుచూపు లేని మనిషో చూడండి. మనవడు ఎంఎస్‌కి వెళ్తాడనీ, బ్యాంకు మేనేజరు ఆస్తి అడుగుతాడనీ ఆ రోజుల్లో ఆయనకి తట్టనే లేదు.

వాళ్ల ఊరు రేపల్లె రైలు మార్గంలో, భట్టిప్రోలుకి దగ్గర. 1892లో భట్టిప్రోలు స్తూపాన్ని తవ్వితే రాతి భరిణెలు బయటపడ్డాయి, వాటి మీద రెండువేల ఏళ్లు దాటిన అక్షరాలు. లిపిశాస్త్రవేత్తలు ఇప్పటికీ వాటి గురించి పుస్తకాలు రాస్తుంటారు. ఆ దిబ్బకి నడిచి వెళ్లేంత దూరంలో పుట్టిన మా పెద్దాయన మాత్రం చివరిదాకా వేలిముద్రే వేశాడు. ఆయన కొడుకు, అంటే మా బావ, ఏడు దాకా చదివి తాపీమేస్త్రీ అయ్యాడు. మా అక్క అంగన్‌వాడీలో ఆయా. మనవడు బీటెక్. ఫీజు రీయింబర్స్‌మెంటు పుణ్యమా అని ఇంజినీరింగు పూర్తి చేసి, హైదరాబాదులో మూడు లక్షల అరవై వేల ప్యాకేజీ తెచ్చుకున్నాడు. ప్యాకేజీ అంటే తెలుసుగా, విప్పి చూస్తే చిన్నదయ్యే జీతం. పీఎఫ్ పోయి, హాస్టల్ పోయి, ఇంటికి పంపేది పోయి, నెలాఖరుకి వాడి దగ్గర మిగిలేది మెడలో కంపెనీ ట్యాగు.

అలాంటివాడు మొన్న పండక్కి వచ్చి, “మావయ్యా, ఎంఎస్‌కి వెళ్దామనుకుంటున్నా” అన్నాడు. వాడి టీములో తొమ్మిదిమందిట. ఏడుగురు అప్పటికే అప్లై చేశారట. ఎనిమిదోవాడికి పెళ్లి కుదిరిందట.

సరే పదమని తెనాలి తీసుకెళ్లాను. బోసు రోడ్డుకి అవతల ఒక సందులో, కింద మిఠాయి కొట్టు, పైన కన్సల్టెన్సీ. పైన వీసా వస్తే కింద మిఠాయి అమ్ముడవుతుంది, మంచి వ్యాపార బంధం. మెట్లెక్కుతుంటే గోడ నిండా ఫొటోలు. వీసా స్టాంపు పడిన పాస్‌పోర్టు ఒక చేతిలో, నోట్లో సగం లడ్డూ. పెళ్లిఫొటోల్లో కూడా అంత ఆనందం ఎక్కడా చూడలేదు నేను. లోపల ఏసీ గదిలో కూర్చోబెట్టిన అమ్మాయి అరగంట మాట్లాడింది. బ్యాక్‌లాగ్‌లెన్ని అంది, డుయోలింగో రాశావా అంది, ఏ రాష్ట్రంలో చుట్టాలున్నారంది. ఏం చదవాలనుకుంటున్నావని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. హోటల్లో వెయిటరు కూడా ఆ మర్యాద పాటిస్తాడు.

“ఫండ్స్ మీరే చూపిస్తారా, మమ్మల్ని చూపించమంటారా అంకుల్?” అని నన్నడిగింది.

చూపించడమంటే ఏమిటో మా బావకి విడమరిచి చెప్పాల్సి వచ్చింది. ఎవరిదో డబ్బు నీ ఖాతాలోకొచ్చి నాలుగురోజులు నిద్ర చేసి వెళ్తుంది బావా. ఆ నాలుగురోజుల బ్యాలెన్సు కాగితం చూసి అమెరికావాడు నిన్ను లక్షాధికారి అనుకుంటాడు. దానికి కమీషన్ మనం కట్టాలి. బావ శ్రద్ధగా విని ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: “ఆ నాలుగురోజుల వడ్డీ ఎవరికి పడుతుంది?” ఆ అమ్మాయి నవ్వింది. జవాబు చెప్పలేదు. మా బావ ఇటుకలు లెక్కపెట్టే మనిషి, మోసంలో కూడా లెక్క తేలాలి ఆయనకి.

తర్వాత ‘స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్’. వాళ్ల దగ్గర తయారుగా ఉంది, పేరు మార్చుకుంటే చాలు. మొదటి వాక్యం: చిన్నప్పటి నుంచీ నాకు కంప్యూటర్లంటే ప్రాణం. మావాడు చిన్నప్పుడు కంప్యూటర్ని మొదట చూసింది మీసేవలో, కులధ్రువీకరణ పత్రం కోసం వరసలో నిలబడి. కంప్యూటర్‌తో నా అనుబంధం కులంతో మొదలైంది అని నిజమే రాయరా, ఏ యూనివర్సిటీవాడైనా కళ్లు తుడుచుకుని సీటిస్తాడు అన్నాను. వాడు భయపడ్డాడు.

ఆ కులపత్రం సంగతీ చెప్పాలి. 1842లో ఫాదర్ హయ్యర్ అనే లూథరన్ మిషనరీ అమెరికా నుంచి ఓడెక్కి గుంటూరు చేరాడు. తర్వాత తెనాలి, రేపల్లె చుట్టుపక్కల లూథరన్లూ, బాపట్ల వైపు బాప్టిస్టులూ పలకా బలపం పట్టుకుని మా పేటల్లోకి వచ్చారు. ఊరిబడి అరుగు మీద కూడా చోటివ్వని పిల్లలకి వాళ్లు అక్షరాలు చెప్పారు. పాట కూడా పాడమన్నారు, పాడాం. కాబట్టి మా పేటలకీ అమెరికాకీ చదువు బంధం పాతదే. అప్పుడు అమెరికా తన ఖర్చుల మీద మా దగ్గరికొచ్చింది, ఇప్పుడు మా ఖర్చుల మీద మేం వెళ్తున్నాం. మధ్యలో ఒక చిక్కు. బడిలో చేరాలంటే అప్పట్లో చర్చి కావాలి. స్కాలర్‌షిప్ కావాలంటే ఇప్పుడు చర్చి ఉండకూడదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం పుచ్చుకున్నవాడు ఎస్సీ కాడు, మన రాష్ట్రంలో బీసీ-సీ. 2025లో పిట్టలవానిపాలెం మండలానికి చెందిన ఒక పాస్టరు అట్రాసిటీ కేసు హైకోర్టుదాకా వెళ్తే, మతం మారాక ఆ చట్టం రక్షణ నీకు లేదు పొమ్మన్నారు. దేవుణ్ణి మార్చుకుంటే కులం పోతుందని చట్టం నమ్ముతోంది. ఊరు మాత్రం నమ్మడం లేదు. ఎవరి నమ్మకం బలమైందో మీరే చెప్పండి.

ఇక బ్యాంకు. రేపల్లెలో ఒక శాఖ, పేరెందుకు. మేనేజరు మర్యాదస్తుడు, కుర్చీ చూపించాడు, మంచినీళ్లు తెప్పించాడు, అడ్మిషన్ కాగితం తిరగేసి “వెరీగుడ్” అన్నాడు. తర్వాత ప్రపంచంలో అతి చిన్న ప్రశ్న అడిగాడు: “ఆస్తి?”

చదువప్పుకి మన బ్యాంకులు పెట్టుకున్న పద్ధతి ఇది. నాలుగు లక్షల దాకా ఏమీ అడగరు. ఏడున్నర లక్షల దాకా మూడోమనిషి జామీనో, ప్రభుత్వ గ్యారంటీ పథకమో సరిపోతుంది. అది దాటిందా, స్థిరాస్తి తాకట్టు. పేరుమోసిన యూనివర్సిటీల జాబితా ఒకటుంది, అందులో సీటొస్తే కొన్ని బ్యాంకులు చూసీచూడనట్టు పోతాయి. మావాడి యూనివర్సిటీ ఆ జాబితాలో లేదు. ఏడున్నర లక్షలంటే అప్పటి రేటుకి ఎనిమిదిన్నర వేల డాలర్లు. దాంతో అమెరికాలో ఒక సెమిస్టరు నడపొచ్చు, అన్నం మానేస్తే.

“ఆస్తి ఉంది సార్” అని మా అక్క కొంగుముడి విప్పినంత భక్తిగా ప్లాస్టిక్ కవరు విప్పింది. ఒకటి, కాలనీలో సెంటున్నర ఇంటిస్థలం పట్టా. రెండు, ఎమర్జెన్సీ రోజుల్లో మామగారికిచ్చిన డెబ్భై సెంట్ల డి పట్టా. ఆ డెబ్భై సెంట్లూ కృష్ణ ఒడ్డున ఉన్నాయి. కృష్ణకి కోపమొస్తే నదిలో ఉంటాయి, శాంతిస్తే భూమిలో ఉంటాయి.

మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఇది అసైన్డ్ కదమ్మా.”

అసైన్డ్ అంటే సర్కారు దయతో ఇచ్చిన భూమి. 1977 చట్టం ప్రకారం అమ్మకూడదు. పేదవాడి భూమి పెద్దల పాలు కాకూడదని పెట్టిన మంచి చట్టమే. కానీ అమ్ముడుపోని భూమిని ఏ బ్యాంకు ముద్దాడుతుంది? 2023లో ఒక ప్రభుత్వం, ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకి పూర్తి హక్కులిచ్చాం, అమ్ముకోండి అంది. 2024లో ఇంకో ప్రభుత్వం వచ్చి, ఇందులో గోల్‌మాల్ జరిగింది, రిజిస్ట్రేషన్లు ఆపండి అంది. మా పెద్దాయన డెబ్భై సెంట్లు అలా కృష్ణకీ, చట్టానికీ మధ్య మునిగి తేలుతున్నాయి.

“నా చేతిలో ఏం లేదు బాబూ. తాతల నాటి పొలం ఏదన్నా ఉంటే చూడండి” అన్నాడు మేనేజరు లేచి నిలబడుతూ. పాపం, ఆయన మనసులో ఏ దురుద్దేశమూ లేదు. అదే కదా ఇందులో అందం. ఎవరి మనసులోనూ ఏమీ ఉండదు, అంతా ఫారంలో ఉంటుంది.

బ్యాంకు కాదంటే ప్రైవేటు ఫైనాన్సు కంపెనీలున్నాయి. తాకట్టు అడగరు, వడ్డీ అడుగుతారు. మాస్టారి బుర్ర కదా, ఆ రాత్రి లెక్కేశాను. నలభై లక్షల అప్పు, పదేళ్ల వాయిదాలు అనుకుందాం. పొలం పెట్టినవాడికి పది శాతం అయితే నెలకి 52,860 రూపాయలు. పొలం లేనివాడికి పదమూడు అయితే నెలకి 59,720. తేడా 6,860. పదేళ్లకి ఎనిమిది లక్షల ఇరవై మూడు వేలు. చదువుకునే రెండేళ్లలో పెరిగే వడ్డీ దీనికి అదనం, అది కలపడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఇద్దరు కుర్రాళ్లు, ఒకే కాలేజీ, ఒకే మార్కులు, ఒకే విమానం, ఒకే క్లాసు. ఒకడికి ఎనిమిది లక్షలు ఎక్కువ. ఎందుకయ్యా అంటే రిస్కు. రిస్కు ఎందుకయ్యా అంటే భూమి లేదు. భూమి ఎందుకు లేదయ్యా అంటే, అది చరిత్ర సార్, బ్యాంకింగులో చరిత్ర ఉండదు. కులం పోయిందని ఇన్నాళ్లూ నాకు చెప్పిన పెద్దలందరికీ ఈ ముఖంగా తెలియజేస్తున్నాను: దొరికింది. వడ్డీ రేటులో ఉంది, దశాంశ బిందువు పక్కన.

ఇది విన్న మా ఊరి పెద్దమనిషి ఒకాయన చాలా బాధపడ్డాడు. “ఎందుకు మాస్టారూ ఆ అప్పులూ, ఆ అమెరికాలూ? ఇక్కడే ఏ ఎంటెక్కో చదువుకుని దేశానికి సేవ చెయ్యమనండి. మీవాళ్లకి సర్కారు అన్నీ ఫ్రీగా ఇస్తోందిగా!” ఆయన ఇద్దరు కొడుకులూ డల్లాస్ నుంచి వీడియో కాల్‌లో దేశానికి సేవ చేస్తున్నారు.

ఆ ఫ్రీల సంగతి వినండి. 2020లో జీవో 77 అని ఒకటొచ్చింది. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవారికి ఫీజు రీయింబర్స్‌మెంటు లేదంది. డిగ్రీదాకా మెట్లు కట్టి, మేడ తలుపు దగ్గర తాళం వేయడమన్నమాట. పోనీ పెద్ద యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసి ఫెలోషిప్‌తో బతుకుదామా? గుంటూరులో పెరిగిన రోహిత్ వేముల ఆ దారినే హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీకి వెళ్లాడు. 2016 జనవరి 17న అతను పోయేనాటికి రావాల్సిన ఫెలోషిప్ ఏడు నెలల బకాయి, లక్షా డెబ్భై అయిదు వేలు. అతనికి విశ్వవిద్యాలయం అప్పుంది, అతను విశ్వవిద్యాలయానికి కాదు. ఎనిమిదేళ్లకి పోలీసులు కేసు మూసేస్తూ కనిపెట్టిన గొప్ప విషయం అతను ఎస్సీ కాదని. గోల లేచాక మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు. ఎలా పోయాడన్న దానికన్నా ఏ కులంలో పోయాడన్నది తేల్చడానికే మనకి ఓపిక ఎక్కువ.

విదేశీ విద్యకి పథకాలు లేవా అంటే, ఉన్నాయి, పుష్కలంగా. అంబేద్కర్ పేరున మొదట పది లక్షలిస్తామన్నారు, తర్వాత పదిహేను చేశారు. ఇంకో ప్రభుత్వం వచ్చి ఆ పేరు తీసేసి, ఏకంగా కోటీ పాతిక లక్షలదాకా ఇస్తానంది. కాకపోతే ప్రపంచంలో మొదటి వరస యూనివర్సిటీల్లో సీటు రావాలి, తర్వాత దాన్ని సబ్జెక్టులవారీ మొదటి యాభైకి కుదించారు. అంటే హార్వర్డ్‌లోనో ఎంఐటీలోనో సీటు తెచ్చుకున్న పల్లెటూరి తాపీమేస్త్రీ కొడుకు ఎవరన్నా ఉంటే వాడికి డబ్బుకి లోటుండేది కాదు. ఆకాశంలో అన్నదానం, నిచ్చెన ఎవరిది వారే తెచ్చుకోవాలి.

కేంద్రానిదీ ఒకటుంది, నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. దేశం మొత్తానికి ఏడాదికి 125 మంది. 2025లో 106 మందిని ఎంపిక చేసి, నిధులు చాలక మొదట నలభైమందికే ఉత్తరాలిచ్చారు. అంతకన్నా రుచికరమైంది 2022 నిబంధన: భారతదేశ సంస్కృతి, చరిత్ర, సమాజం గురించి చదివేవాళ్లకి ఈ సాయం లేదు. మన గురించి చదవాలంటే ఇక్కడే చదవండి, బయటికెందుకు అని వివరణ. 1916లో కొలంబియా యూనివర్సిటీ సెమినారులో ఒక కుర్రాడు భారతదేశంలో కులాల పుట్టుక గురించి వ్యాసం చదివాడు. ఈ నిబంధన ప్రకారం అతని దరఖాస్తు గుమాస్తా బల్ల మీదే చిరిగిపోయేది. అతని పేరు భీమరావ్ అంబేద్కర్. ఆ తిరస్కారం కవరు మీద పడే స్టాంపు మీద కూడా బహుశా ఆయన బొమ్మే ఉండేది.

తెనాలి గాలి పీల్చినవాణ్ణి, రామలింగడి పిల్లి గుర్తుకు రాకుండా ఉంటుందా? రాయలవారు పిల్లిని సాకమని ఆవునిచ్చారు. రామలింగడు మొదటిరోజే కాగే పాలు పెట్టి మూతి కాల్చాడు. తర్వాత పాలగిన్నె చూస్తే పిల్లి పారిపోయేది, పాలన్నీ రామలింగడు తాగేవాడు. ‘పథకం’ అనే మాట వింటే మా మేనల్లుడు కుర్చీలోంచి లేచిపోతాడు, ఎందుకో నాకిప్పుడు తెలిసింది. ఆవు ఖర్చు మాత్రం ఏటా బడ్జెట్లో కనిపిస్తూనే ఉంటుంది.

సరే, అప్పు దొరికింది, విమానం దిగాడు అనుకుందాం. అక్కడేం వడ్డిస్తారు? 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ అని ఒకటి మూతపడితే, మన తెలుగు పిల్లలకి కాలికి రేడియో కడియాలు తొడిగారు. పాలేరు కాళ్లకి సంకెళ్లుండేవి కావు, నిజం చెప్పొద్దూ. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. అది ఇంకా అద్భుతం. పాఠాల్లేవు, పంతుళ్లు లేరు, దాన్ని పెట్టింది సాక్షాత్తూ అమెరికా ఇమ్మిగ్రేషన్ పోలీసులు. వల వేసి, ఫీజు వసూలు చేసి, ఫీజు కట్టినవాళ్లనే పట్టుకున్నారు. మొదట అరెస్టయిన 130 మందిలో 129 మంది మన దేశస్థులు, ఎక్కువమంది తెలుగువాళ్లు. సర్కారే బోగస్ కాలేజీ నడిపితే ఎలా ఉంటుందో మనకి కొత్త కాదనుకోండి, కాకపోతే మనవాళ్లు ఇంత శుభ్రంగా బోర్డు పెట్టరు.

మంచి కాలేజీలోనే చేరాడనుకుందాం. చదువయ్యాక మూడేళ్లు ఓపీటీ, అంటే అక్కడే పనిచేసుకునే అనుమతి. ఆలోపు హెచ్1బీ లాటరీ తగలాలి. ఏడాదికి 85 వేల వీసాలు, అడిగేవాళ్లు లక్షలమంది. 2025 సెప్టెంబరు 19న ట్రంప్‌గారు కొత్త హెచ్1బీ దరఖాస్తుకి లక్ష డాలర్ల రుసుమన్నారు. ఆ రోజు రేటుకి ఎనభై ఎనిమిది లక్షలు. అక్కడే చదివి అక్కడే వీసా మార్చుకునేవాళ్లకి వర్తించదని తర్వాత సర్దిచెప్పారు. ఈలోపు తెనాలి కన్సల్టెన్సీ గోడ మీద ‘యూకే, ఐర్లండ్, జర్మనీ’ పోస్టర్లు వెలిశాయి. మిఠాయి కొట్టు అదే.

వీటన్నిటినీ దాటితే మనవాళ్లున్నారు. అమెరికాలో తెలుగువాడికి ఇంకో తెలుగువాడు ఎదురైతే అడిగే మొదటి ప్రశ్న: మీదే ఊరు? రేపల్లె దగ్గరండీ. అలాగా, మాది బాపట్ల! కళ్లలో వెలుగు. రెండో ప్రశ్న: ఊళ్లో ఏ బజారు? అక్కడ ఆ వెలుగు కాస్త తగ్గి, ఒక లెక్క మొదలవుతుంది. ఇంటిపేరు, పేరు చివర, తిండి, పండగ. మూడో ప్రశ్నకి లెక్క తేలుతుంది, ఆ పైన వాట్సాప్ గ్రూపులో చేర్చడం మర్చిపోతారు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షని నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ బిల్లు చేస్తే అక్టోబరులో గవర్నరు తిప్పికొట్టాడు, ఇప్పుడున్న చట్టాలు చాలన్నాడు. అమెరికాలో కులమే లేదని మనవాళ్లు కులసంఘాలవారీగా వెళ్లి వినతిపత్రాలిచ్చి ఉంటారని నా అనుమానం.

అక్కడికి ముందే వెళ్లిన మావాడి సీనియర్ ఒకడు ఫోన్‌లో సలహా ఇచ్చాడు: “గది తీసుకునేటప్పుడు చూస్కో రా, నల్లవాళ్లుండే ఏరియా వైపు వెళ్లకు.” మా మేనల్లుడికి ఆ వాక్యం కొత్త కాదు. ఊళ్లో దాన్ని ‘ఆ పేట వైపు వెళ్లకు’ అంటారు. ఆ పేట మాదే.

ఆ నల్లవాళ్ల సంగతి కూడా కాస్త వినండి, మన లెక్కకి పనికొస్తుంది. 1865లో బానిసత్వం పోయే వేళ, విడుదలైన కుటుంబాలకి తలా నలభై ఎకరాలిస్తామని జనరల్ షెర్మన్ ఉత్తర్వు ఇచ్చాడు. ఆ ఏడాది తిరక్కుండానే ప్రెసిడెంటు జాన్సన్ దాన్ని రద్దు చేసి భూములు పాత యజమానులకే ఇచ్చేశాడు. మా పెద్దాయన డెబ్భై సెంట్లకి అది మేనత్త కొడుకు వరస. నూటయాభై ఏళ్ల తర్వాత, 2016లో బ్రూకింగ్స్ సంస్థవాళ్లు చదువప్పుల లెక్క తీశారు. డిగ్రీ చేతికొచ్చిన నాలుగేళ్లకి తెల్లకుర్రాడి సగటు బాకీ 28 వేల డాలర్లు, నల్లకుర్రాడిది దాదాపు 53 వేలు. డిగ్రీ రోజున తేడా ఏడువేల చిల్లరే. ఆ తర్వాత ఎలా పెరిగింది? వడ్డీ కొంత, పైచదువు కొంత. ఉద్యోగంలో తెల్లవాడితో సమానంగా నిలబడాలంటే ఇంకో పట్టా ఉండాలని, దానికి మళ్లీ అప్పు. అక్కడా తాత లేడన్నమాట. 1946లో అంబేద్కర్ అక్కడి నల్లజాతి మేధావి డుబోయిస్‌కి ఉత్తరం రాశాడు, మీవాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ నకలు పంపండని. ఆ ఇద్దరి మనవలు ఇవాళ ఉత్తరాలు రాసుకుంటే రికవరీ ఏజెంట్ల ఫోన్ నంబర్లు పంచుకుంటారు.

ఆ అంబేద్కర్ కూడా చదువప్పు మనిషేనండోయ్. 1913లో కొలంబియా వెళ్లింది బరోడా మహారాజు ఉపకారవేతనంతో, తిరిగొచ్చి పదేళ్లు కొలువు చేస్తానని బాండు రాసిచ్చి. 1917లో బరోడా కొలువులో చేరితే ఊళ్లో అద్దెకి గది ఇచ్చినవాడు లేడు. పార్సీవాడినని చెప్పుకుని సత్రంలో తలదాచుకుంటే కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. బాండు ఉంది, బస లేదు. 1920లో మళ్లీ లండన్ వెళ్లడానికి కూడబెట్టుకున్నది చాలక స్నేహితుడు నావల్ భతేనా దగ్గర అయిదువేలు అప్పు తీసుకున్నాడు. ఆ భతేనా ఈసీ అడగలేదు, లింకు డాక్యుమెంట్లు అడగలేదు. మన రాజ్యాంగానికి ఒకరకంగా జామీను ఆ పార్సీ పెద్దమనిషి.

ఇంతకీ వెళ్లమంటావా, మానమంటావా, సూటిగా చెప్పవయ్యా మాస్టారూ అంటారు మీరు. చెప్తాను. ఎంఎస్ లాభమా నష్టమా అని ఊరికే అడిగితే దానికి జవాబు లేదు. నాలుగెకరాల తాత ఉన్నవాడికి అది జూదం కూడా కాదు, విహారం. ఉద్యోగం రాక తిరిగొస్తే ఒక ఎకరం అమ్ముతారు. ఏడాది తిరక్కుండా నిజాంపట్నం రోడ్డులో రొయ్యల మేత ఏజెన్సీ పెడతాడు, పెళ్లిచూపుల్లో ‘అమెరికా రిటర్న్’ అని అరకోటి కూడా పలుకుతాడు. మావాడు తిరిగొస్తే నెలకి యాభై తొమ్మిది వేల ఏడొందల ఇరవై, మా బావ భుజాల మీద. యాభై దాటిన మేస్త్రీ భుజాలు. చదువు ఒకటే, పడితే తగిలే నేల వేరు. ఆ నేల సంగతి మాట్లాడకుండా ‘రిటర్న్ ఆన్ ఇన్వెస్ట్‌మెంట్’ లెక్కలు చెప్పేవాళ్లని చూస్తే, లంకలో వరదొచ్చినప్పుడు మేడ మీద నుంచి నీళ్ల లోతు చెప్పే పెద్దలు గుర్తొస్తారు నాకు.

అందుకే వద్దని చెబుదామనే బయల్దేరాను. ఏదో సర్టిఫికెట్టు మీద సంతకం కోసం బాపట్ల కలెక్టరేటుకి వెళ్తున్నాం ముగ్గురం. మా జిల్లాకేంద్రానికి రైల్లో పోవాలంటే తెనాలి వెళ్లి, అక్కడ వేరే బండి పట్టాలి. జిల్లాలు చిన్నవి చేశారు, దారులు అలాగే ఉంచారు. తెనాలి దాటాక నేను మొదలుపెట్టాను, పదమూడు శాతం బావా, ఆలోచించు అని. ఆయన మాట్లాడలేదు. చుండూరు స్టేషను వచ్చింది. బండి ఆగి కదిలేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

1991 ఆగస్టు 6. ఆ ఊళ్లో ఎనిమిదిమంది మావాళ్లని నరికి, గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. సినిమాహాల్లో చదువుకున్న ఒక కుర్రాడి కాలు ముందు సీటువాడికి తగలడంతో గొడవ ముదిరింది. కాలు కాదు అసలు సంగతి, చదువుకుని, ప్యాంటు వేసుకుని, పక్క సీట్లలో కూర్చోవడం. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించి, 2007లో 21 మందికి యావజ్జీవం వేశారు. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ నరికిన ఏడు మా బావకి ఇరవయ్యేళ్లు, తెనాలిలో తాపీపనికి వెళ్లివచ్చేవాడు.

బండి అప్పికట్ల దాటుతుండగా అన్నాడు, మెల్లగా, కిటికీతో చెబుతున్నట్టు:

“కాలు తగిలితే సారీ చెప్పి ఊరుకునే చోట ఉండనీ బావా వాణ్ణి. పదమూడు ఎక్కువేం కాదులే.”

నా దగ్గర వేసుకున్న లెక్కలన్నీ ఉన్నాయి, చిత్తుకాగితంతో సహా. జేబులోంచి తీయలేదు.

పై వారం గుంటూరులో ఫైనాన్సు కంపెనీ ఆఫీసుకి వెళ్లాం. సంతకాలన్నీ ఫోన్‌లోనే అయిపోయాయి, ఇంక ఆధార్ సరిచూడటమే. మా అక్క ఆ ముందురోజు రేకుపెట్టెలో వెతుకుతుంటే మామగారి పాత నోటు ఒకటి దొరికిందట, సంచిలో వేసుకొచ్చింది. తమ్ముడూ, ఇదేమిటో చదువు అంది. రెవెన్యూ స్టాంపు మీద నల్లటి వేలిముద్ర, గీతలన్నీ అరిగిపోయి చింతగింజలా ఉంది. కూతురి పెళ్లికి తీసుకున్న అప్పు, తీరేదాకా పాలేరుతనం చేసే ఒప్పందం.

బల్ల అవతల టై కట్టుకున్న కుర్రాడు చిన్న యంత్రం ముందుకి జరిపాడు. “బొటనవేలు పెట్టండి సార్.”

మేనల్లుడు చొక్కాకి వేలు తుడుచుకుని పెట్టాడు. ఎర్రలైటు కాసేపు వెలిగి, పచ్చబడింది.

“సరిపోయింది” అన్నాడు కుర్రాడు.